రాజుగారి మచ్చ

మూడు రోజులుగా దుర్గాశ్రీ ట్యాబ్ బీరువాలో ఉంది. బీరువా తాళం ఉదయభాస్కర్ జేబులో ఉంది. మొగుడూ పెళ్ళాం చెప్పుకోవలసినవన్నీ పది నెలల జాజితో చెబుతున్నారు. ఆ పిల్ల ఇద్దరి మాటా విని, ఎవరికీ మోయకుండా బొటనవేలు చీకుతోంది.

"జాజీ, మీ నాన్నగారికి ఇంకో ఇడ్లీ కావాలేమో కనుక్కో," అంది దుర్గాశ్రీ.

"వద్దని చెప్పు."

"ట్యాబ్ ఇవాళయినా ఇస్తారేమో కూడా కనుక్కో."

ఉదయభాస్కర్ పళ్ళెం పక్కకి జరిపాడు. రొయ్యల మేత కంపెనీలో పదిమంది చేత పని చేయించే మనిషి. గొంతు పెంచడం అతనికి ఉద్యోగంతో వచ్చిన జబ్బు.

"ఇచ్చి? ఇంకెవరి పిల్లాడి ముఖం కడుగుతావు?"

"పాలకొల్లు వాళ్ళ పాప బొమ్మ సగంలో ఆగిందండి. శనివారం పుట్టినరోజు. మాటిచ్చాను."

"మా చెల్లికి పుట్టిల్లు లేకుండా చేశావు. పాలకొల్లు వాళ్ళకి మాత్రం మాట తప్పకూడదు!"

దుర్గాశ్రీ అతని పళ్ళెం తీసింది.

ఆమె చేసిందల్లా తన పనే. తల్లులు ఫోన్లో తీసుకున్న ఫోటోలు పంపిస్తారు. స్టూడియోలో టోపీ పెట్టి, పువ్వుల బుట్టలో కూర్చోబెట్టి తీసినవి ఆమె ముట్టుకోదు. పెరుగన్నం గిన్నె నెత్తిన బోర్లించుకున్నవీ, సగం నిద్రలో ఆవలించినవీ, తుమ్ము వచ్చే ముందు ముక్కు ఎగబీల్చినవీ కావాలంటుంది. వాటిని చూస్తూ ట్యాబ్ మీద బొమ్మ గీసి, రంగులు వేసి, రాజమండ్రిలో ప్రింటు వేయించి, ఫ్రేము కట్టించి పంపుతుంది. అందులో ఒక అలవాటు ఉంది. పిల్లల బుగ్గన తల్లులు పెట్టిన దిష్టిచుక్కని చెరిపేసి, బొమ్మలో ఆ చుక్కని అరికాలికి పెడుతుంది. ముఖం శుభ్రంగా ఉంటుంది, దిష్టీ తగలదు. భీమవరం నుంచి కాకినాడ దాకా అరికాలి చుక్క చూసి, ఇది దుర్గాశ్రీ బొమ్మ అని గుర్తుపట్టేవాళ్ళున్నారు.

ఆడపడుచు రాణి కొడుకు బొమ్మకీ అదే చేసింది. తీరా చూస్తే ఆ బుగ్గన ఉన్నది ఒట్టి కాటుక చుక్క కాదు. కాటుక కింద గోధుమగింజంత పుట్టుమచ్చ ఉంది. చనిపోయిన తాత వెంకటరాజుగారికి బుగ్గన ఉన్నటువంటి మచ్చ. ఆయనే మళ్ళీ వచ్చాడని మండపేటలో ఆ ఇంటిల్లిపాదీ, చుట్టుపక్కల వీధులవాళ్ళూ పదకొండు నెలలుగా మురిసిపోతున్నారు.

ఆ సంగతి దుర్గాశ్రీకి ఎలా తెలుస్తుంది? రాణి భీమవరంలో పురిటికి వచ్చినప్పుడు తను అమలాపురంలో తన పుట్టింట పురిటికి వెళ్ళింది. తను తిరిగొచ్చేసరికి రాణి మండపేట వెళ్ళిపోయింది. తర్వాత పిల్లాణ్ణి చూసింది రెండుసార్లు. రెండుసార్లూ బుగ్గన కాటుకే ఉంది.

ఆదివారం చుట్టాలందరి ముందూ రాణి అత్తగారు సంపూర్ణమ్మ బొమ్మ మీద కాగితం విప్పింది. "రాజుగారి మచ్చేదీ?" అన్నారెవరో. అంతే. "మా ఇంటి గుర్తు చెరిపినవాళ్ళతో మాకు పనిలేదు. సోమవారం పట్టిసీమలో పుట్టువెంట్రుకలకి మేనమామ రానక్కర్లేదు," అనేసింది ఆవిడ. మొదటి కత్తెర మేనమామది. ఆ కత్తెర వద్దన్నారంటే చుట్టరికం వద్దన్నట్టే.

"ఒరేయ్ భాస్కర్," అంది అతని తల్లి మాణిక్యాంబ, వంటింటి గుమ్మంలో నిలబడి. మూడు రోజుల్లో ఆవిడ నోరు విప్పడం అదే. "ఆ బొమ్మ నేను చూసే పంపమన్నాన్రా."

ఉదయభాస్కర్ తల తిప్పాడు. "నువ్వా? ఐదు నెలలు వాడికి నీళ్ళు పోసిన దానివి. మచ్చ సంగతి నీకు తెలియదా?"

"తెలుసు. చూసీ ఊరుకున్నాను. పెద్దదాన్నయిపోయాను, మతిమరుపు వచ్చింది. నన్ను కూడా బీరువాలో పెట్టి తాళం వెయ్యి."

అతను తల్లి వంకా, పెళ్ళాం వంకా చూశాడు. తాళం బల్ల మీద పడేసి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

దుర్గాశ్రీ వంటింట్లోకి వెళ్ళింది. "అత్తయ్యా, మీరు ఆ బొమ్మ చూడలేదు కదా."

"చూడలేదు."

"మరెందుకన్నారు?"

మాణిక్యాంబ వంకాయలు ముందు పెట్టుకుని గుత్తులకి కోస్తోంది. "నీ పురిటికి ఒక్క రోజయినా రాలేకపోయాను. ఇక్కడ రాణితో సరిపోయింది. కోడలి పురిటికి తొంగిచూడని అత్తని ఎవరైనా నాలుగు మాటలంటారు. నువ్వు ఒక్కటి కూడా అనలేదు. ఇవాళ ఒక చిన్న అబద్ధం ఆడాను. దానికి ఇంత విచారణ ఎందుకే?"

దుర్గాశ్రీకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇలాంటి అత్తగారు ఎన్ని నోములు నోస్తే దొరుకుతుంది అనుకుంది. పైకి మాత్రం, "కత్తిపీట ఇలా ఇవ్వండి, నేను కోస్తాను," అంది.

"వద్దు. బొమ్మలు గీసే వేళ్ళు. వెళ్ళి ఆ పాలకొల్లు పిల్ల పని చూడు."

మధ్యాహ్నం మూడింటికి రాణి ఫోను చేసింది. వెనక వాళ్ళ బియ్యం మిల్లు చప్పుడు వినిపిస్తోంది. మేడమీదికి వచ్చి మాట్లాడుతోందన్నమాట.

"వదినా, ఒక్కదానివే ఉన్నావా?"

"జాజి ఉంది. అది ఎవరికీ చెప్పదులే. చెప్పు రాణీ. ముందు నన్ను క్షమించు. ఒక్కసారి నిన్ను అడిగి చెరిపినా సరిపోయేది."

"నువ్వు క్షమించమనకు వదినా. నాకు చచ్చిపోవాలనిపిస్తోంది. ఫోటో తీసిన రోజు కాటుక నేను కావాలనే పెద్దది పెట్టాను. మచ్చ అస్సలు కనబడకుండా. నువ్వు దిష్టిచుక్కని ముఖం మీంచి తీసేస్తావని నాకు తెలుసు కదా."

దుర్గాశ్రీ చేతిలోని పెన్ను కింద పెట్టింది.

"ఎందుకు రాణీ?"

"ఈ ఇంట్లో వాణ్ణి సురేంద్రా అని పిలిచేది నేనొక్కదాన్నే. అందరికీ వాడు రాజుగారు. పాలు కక్కితే 'రాజుగారికి అరగలేదు' అంటారు. ఏడిస్తే 'రాజుగారికి కోపం వచ్చింది' అని మిల్లులో గుమస్తా కూడా లేచి నిలబడతాడు. నవ్వొస్తోందా నీకు?"

"లేదు," అంది దుర్గాశ్రీ. నిజానికి వస్తోంది.

"మొన్న నా జుట్టు పట్టి లాగితే చెయ్యి మీద చిన్నగా ఒక్కటేశాను. 'మావగారిని కొడతావుటే' అన్నారు మా తోడికోడలు. వాడు నా కడుపున పుట్టాడు వదినా. ఒక్క బొమ్మలోనయినా మచ్చ లేకుండా, నా కొడుకు నా కొడుకులా ఉంటే చూసుకోవాలనిపించింది. ఇంత గొడవ అవుతుందని అనుకోలేదు. మా అత్తయ్యగారికి చెప్పెయ్యనా? చెబితే ఆవిడ గుండె పగిలిపోతుంది. మావయ్యగారు పోయాక ఆవిడ నవ్వింది వీడు పుట్టిన రోజునే."

దుర్గాశ్రీ ఒడిలో ఉన్న ట్యాబ్ వైపు చూసింది. అది రాణిదే. కొత్త కోడలిగా ఈ ఇంట్లో అడుగుపెట్టి, చేతికి పని తోచక బిక్కుబిక్కుమంటున్న రోజుల్లో, "బొమ్మలు వేస్తావట కదా వదినా, నా కాలేజీ అయిపోయింది, ఇది నువ్వు ఉంచుకో," అని చేతిలో పెట్టింది. ఇవాళ తనకంటూ ఒక పనీ, నలుగురిలో ఒక పేరూ ఉన్నాయంటే ఆ పిల్ల పెట్టిన భిక్ష. అలాంటి పిల్ల కోసం ఒక నింద మోయలేకపోతే తను మనిషే కాదు.

"ఎవరికీ చెప్పకు రాణీ. తప్పు నా కంటిదే. అలాగే ఉండనీ."

"అయితే నువ్వూ అత్తయ్యగారికి చెప్పకు వదినా. కానీ అన్నయ్య నిన్ను తిడుతున్నాడట కదా."

"చెప్పను, మాటిస్తున్నాను. మీ అన్నయ్య తిట్లు మా జాజికి కూడా అలవాటయిపోయాయి. నువ్వు కళ్ళు తుడుచుకుని కిందకి వెళ్ళు."

మర్నాడు పదకొండింటికి వీధిలో కారు ఆగింది. ముందు సంపూర్ణమ్మ దిగింది. వెనక పిల్లాణ్ణి ఎత్తుకుని రాణి. ఆ వెనక డ్రైవరు, పాత దుప్పట్లో చుట్టిన ఫ్రేము మోసుకుంటూ.

ఉదయభాస్కర్ ఆ రోజు ఆలస్యంగా బయల్దేరుతున్నాడు కాబట్టి దొరికిపోయాడు. "ఆయ్, రండి అత్తయ్యగారూ, రండి," అంటూ గుమ్మంలోకి పరిగెత్తాడు.

"కాళ్ళు కడుక్కోండి వదినగారూ," అంది మాణిక్యాంబ. "శ్రీ, కాఫీ పెట్టు."

"కాఫీలు తాగడానికి రాలేదు వదినగారూ. ఎండన పడి వచ్చాను. మజ్జిగ ఇవ్వండి."

"కాఫీ వద్దూ, మజ్జిగ కావాలా?"

"కాఫీ చుట్టరికానికి, మజ్జిగ దాహానికి. మనకిప్పుడు ఉన్నది దాహం ఒక్కటే."

మాణిక్యాంబ లోపలికి వెళ్ళి, కరివేపాకు నలిపి, ఉప్పూ అల్లమూ వేసి పెద్ద గ్లాసుడు తెచ్చింది. సంపూర్ణమ్మ ఆఖరి చుక్క దాకా తాగి గ్లాసు కింద పెట్టింది. బాగుందని అనలేదు. ఇంకో గ్లాసు ఇస్తే మాత్రం కాదనలేదు.

"అత్తయ్యగారూ, మా ఆవిడ తరఫున నేను క్షమాపణ చెప్పుకుంటున్నానండి," అన్నాడు ఉదయభాస్కర్. "తెలియక చేసిందండి. ఇకమీదట ఈ బొమ్మలు..."

"నువ్వు చెబితే ఏం లాభం నాయనా? చెరిపింది ఆ అమ్మాయి." సంపూర్ణమ్మ దుర్గాశ్రీ వైపు తిరిగింది. "ఏమ్మా, ఏ చేత్తో చెరిపావో ఆ చేత్తోనే తిరిగి పెట్టాలి. నా కళ్ళ ముందర పెట్టాలి. పెడితే సోమవారం అందరూ పట్టిసీమ రండి. పడవ మాట్లాడేశాను. పెట్టకపోతే ఇంతటితో సరి."

"పెడతానండి పిన్నిగారూ," అంది దుర్గాశ్రీ. రాణి వైపు చూడలేదు. చూస్తే తనకి ధైర్యం జారిపోతుందని తెలుసు.

ఉదయభాస్కర్ ప్రాణం లేచి వచ్చినట్టు మేనల్లుణ్ణి ఎత్తుకుని, లారీలు చూపిస్తానని వీధిలోకి వెళ్ళాడు. దుర్గాశ్రీ సంపూర్ణమ్మని పక్కగదిలోకి తీసుకెళ్ళి, కుర్చీ వేసి, ట్యాబ్ తెరిచింది.

బొమ్మ వెలిగింది. తల్లి ఒళ్ళో కూర్చుని, తల వెనక్కి వాల్చి, తల్లి చెవి జూకాని గుప్పిట పట్టి, రెండు పళ్ళతో పడీపడీ నవ్వుతున్న పిల్లాడు. ఎవరూ నవ్వమని అడగని నవ్వు. దుర్గాశ్రీ ఇప్పటిదాకా గీసినవాటిలో ఇంత బాగా వచ్చిన ముఖం ఇంకొకటి లేదు.

ఆమె గోధుమరంగు ఎంచుకుంది. పెన్ను బుగ్గ దగ్గరికి తెచ్చి ఆగింది.

"పిన్నిగారూ, ఒక్క సందేహమండి. ఈ ఫోటో రాణి ముందు కెమెరాతో తీసుకుంది. కొన్ని ఫోన్లలో అలా తీస్తే అద్దంలోలాగా కుడిఎడమలు మారిపోతాయి. మచ్చ అసలు ఏ బుగ్గన ఉండాలండీ?"

దుర్గాశ్రీ తలెత్తింది. సంపూర్ణమ్మ ముఖంలో ఇందాకటి పెత్తనం లేదు.

"ఎవరి బుగ్గ అడుగుతున్నావు?" అంది ఆవిడ మెల్లిగా.

"అదేంటండీ? బాబుదే."

"బాబుకి ఎడమ బుగ్గన." ఆవిడ గుమ్మం వైపు ఒకసారి చూసుకుంది. "ఆయనకి కుడి బుగ్గన."

గదిలో పంకా తిరుగుతోంది.

"పుట్టిన మూడో రోజున ఎవరో అన్నారు, రాజుగారి మచ్చ అని. నాకు తెలుసు, కాదని. నలభై రెండేళ్ళు కాపరం చేసినదాన్ని, నాకు తెలియదా? కానీ ఆ మాట చెవిన పడగానే ఎంత హాయిగా అనిపించిందో నీకు చెప్పలేను అమ్మాయ్. ఊరుకున్నాను. ఒక రోజు ఊరుకుంటే రెండో రోజు చెప్పడం కష్టమయింది. ఆ తర్వాత ఊరంతా రాజుగారూ అనడం మొదలెట్టారు."

"మరి రాణి వాళ్ళాయన గణేష్‌బాబుగారికి? కన్నకొడుకు కదండీ, ఆయనకి గుర్తుండదా?"

సంపూర్ణమ్మ నవ్వింది. "మా గణేష్ తండ్రి ముఖంలోకి తేరిపార చూసి ఎరుగునా? ఎదురుపడితే నేల చూపులే. మిల్లులో వాళ్ళూ అంతే. గోడ మీద పటం ఉందనుకో, స్టూడియోవాడు మచ్చా, మడతలూ అన్నీ తీసేసి పెళ్ళికొడుకుని చేసి పెట్టాడు. ఆయన ముఖం దగ్గర్నించి చూసిన మనిషిని నేనొక్కదాన్నే."

ఆవిడ మళ్ళీ బొమ్మ వైపు తిరిగింది. "ఆదివారం కోపం నీ మీద కాదే తల్లీ. మచ్చ లేని ముఖం చూసేసరికి, ఆయన లేరన్న సంగతి ఆ క్షణాన తెలిసొచ్చింది. పోయి ఆరేళ్ళయింది. ఆదివారం గది తలుపేసుకుని ఏడ్చాను. ఏడ్చి, లేచి, మళ్ళీ బొమ్మ చూశాను. ఈ నవ్వు రాణిది. ఈ నుదురు మా అత్తగారిది. ఇన్నాళ్ళూ మచ్చ ఒక్కటే చూస్తూ, పిల్లాణ్ణి చూడనే లేదు. నువ్వు చూపించావు."

ఆవిడ రెండు చేతులూ ఎత్తబోయింది. దుర్గాశ్రీ గభాలున ఆ చేతులు పట్టుకుంది. "అయ్యో, పెద్దవారు, అలా చెయ్యకండి." తను నాలుగు రోజులుగా తప్పనుకుంటున్నది ఒకరికి ఇంత ఉపకారమయిందా? ఆమెకి ఎక్కడలేని ఏడుపూ వచ్చింది. ఆ ఏడుపు బాధతో వచ్చింది కాదు.

"అయితే మచ్చ పెట్టద్దంటారా?"

"నన్నడిగితే వద్దు. నాకు ఇలాగే కావాలి."

"మరి అందరి ముందూ పెట్టమన్నారు కదండీ?"

"రాణి కోసం." సంపూర్ణమ్మ గొంతు తగ్గించింది. "దానికి మావగారంటే అంత భక్తి. రోజూ పొద్దున్నే ఆ మచ్చ మీద, సరిగ్గా ఆ మచ్చ మీదే కాటుక దిద్దుతుంది. ఎవరి కళ్ళూ పడకూడదని అంత అపురూపంగా దాచుకుంటోంది. ఆదివారం నుంచి అన్నం సరిగ్గా తినడం లేదు. మావగారి గుర్తు బొమ్మలో లేకుండా పోయిందని దాని దిగులు. ఆ పిల్ల నమ్మకం నేను చెడగొట్టలేను. నువ్వు దానికి చెప్పకు. నా మీద ఒట్టు."

దుర్గాశ్రీకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఒకే సంగతి ఇద్దరూ చెప్పారు. ఇద్దరూ రెండోవాళ్ళకి చెప్పద్దన్నారు. అత్త కోసం కోడలూ, కోడలి కోసం అత్తా, ఎవరికీ అక్కర్లేని మచ్చని నెత్తిన పెట్టుకుని మోస్తున్నారు.

తలుపు చప్పుడయింది. రాణి లోపలికి వచ్చింది. ఏడ్చి ముఖం కడుక్కున్నట్టుంది, చెంపల దగ్గర జుట్టు తడిగా ఉంది.

"అత్తయ్యగారూ, వదిన ఇంకా పెట్టలేదా?"

"పెడుతోందమ్మా. నువ్వు ఉంటే పెడుతుందని ఆగాను," అంది సంపూర్ణమ్మ.

రాణి బొమ్మ వంక చూసింది. ఒక్క క్షణమే. తర్వాత వదిన ముఖంలోకి చూడకుండా గబగబా చెప్పేసింది. "పెట్టెయ్ వదినా. స్పష్టంగా కనబడేలా పెట్టు. మావయ్యగారి మచ్చ లేకపోతే వాడు వాడిలా లేడు. నాకూ అదే ఇష్టం."

సంపూర్ణమ్మ దుర్గాశ్రీ వైపు చూసింది. చూశావా, నేను చెప్పలేదూ అన్నట్టుంది ఆ చూపు. ఆవిడ తల వంచుకుని, "పెట్టు అమ్మాయ్. దాని మాటే నా మాట," అంది.

వీధిలోంచి ఉదయభాస్కర్ గొంతు వినిపించింది. "అయిపోయిందా? అత్తయ్యగారూ, మరి పట్టిసీమకి పొద్దున్న ఎన్నింటికి బయల్దేరమంటారు?"

పెన్ను పిల్లాడి బుగ్గ మీద ఆగి ఉంది. ఒక్క చుక్క పెడితే అందరికీ సమాధానమే. భర్తకి మేనమామ మర్యాద దక్కుతుంది. తన ట్యాబ్ తనకి ఉంటుంది. అత్తగారి అబద్ధం కూడా చల్లగా సద్దుమణుగుతుంది. ఆ ఒక్క చుక్కతో పదకొండు నెలల పిల్లాడు మాత్రం ఇంకో అరవై ఏళ్ళు రాజుగారిగా బతకాలి.

తనకి పని ఇచ్చిన పిల్ల ఒకతె. తన పనికి చేతులెత్తబోయిన పెద్దావిడ ఒకరు. ఈ ఇద్దరికీ తను చెయ్యగలిగిన మేలు మౌనంగా ఉండడమేనా?

దుర్గాశ్రీ పెన్ను కింద పెట్టింది. లేచి వెళ్ళి తలుపు దగ్గరగా వేసి, గడియ పెట్టింది.

"ఏంటి వదినా?" అంది రాణి.

"మీ ఇద్దరికీ చెరొక మాట ఇచ్చాను. రెండూ తప్పను. నేనేమీ చెప్పను." ఆమె గొంతు తనకే కొత్తగా వినిపించింది. "కానీ మీ ఇద్దరిలో ఒకరు నోరు విప్పేదాకా నేను ఈ మచ్చ పెట్టను. రాణీ, నిన్న మేడమీంచి నాతో ఏం చెప్పావో, అది మీ అత్తయ్యగారితో చెప్పు."

రాణి ముఖం పాలిపోయింది. సంపూర్ణమ్మ నెమ్మదిగా కోడలి వైపు తిరిగింది.

"మేడమీంచా?" అంది ఆవిడ. "నాకు తెలియకుండా ఏం చెప్పావే?"